పచ్చి బంతి

దూదక్క అప్పటికే మూడో ట్రేలోకి వచ్చింది. ఎడమ అరచేతిలో తెల్లటి బంతిని నిలబెట్టి, కుడిచేతి స్పాంజితో దాని అడుగునున్న గుంట అంచున మిగిలిన నూగును తుడుస్తోంది. తుడవడం అనే మాట కూడా పెద్దదే, తాకీ తాకనట్టు పోనిస్తోంది. చూడటానికి రాయిలా ఉన్నా బంతి ఇంకా పచ్చిది. అల్యూమినా పొడిని అచ్చులో అదిమి చేసిన సిరామిక్ ముద్ద. గట్టిగా పట్టుకుంటే సుద్దముక్కలా విరుగుతుంది. కొలిమిలోంచి బయటికొచ్చాక దాని పొగరే వేరు. ఐదో వంతు కుదించుకుపోయి, వజ్రపు పొడికి తప్ప దేనికీ లొంగదు. దాన్ని అద్దంలా మెరుగుపెట్టి ఆసుపత్రులకు పంపుతారు. తుంటి కీలు అరిగిపోయినవాళ్ళ ఒంట్లో ఎముకకు బదులు అది తిరుగుతుంది.

దూదక్క అన్న పేరు ఆమె చేతుల వల్ల వచ్చింది. మనిషి మాత్రం దూది కాదు. దిట్టమైన ఒళ్ళు, వెడల్పాటి భుజాలు, ఆ మూల మాట్లాడితే ఈ మూల వినబడే గొంతు. అలాంటి మనిషి చేతుల్లో పచ్చి బంతులు కోడిపిల్లల్లా ఒదిగిపోయేవి. కొత్తవాళ్ళు నెలలో పగలగొట్టినన్ని ఆమె ఇన్నేళ్ళలోనూ పగలగొట్టలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదనుకుంటే పొరపాటే, కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేది.

పని ఇంటికి కూడా అంటుకుంది. ఏది కొన్నా ఒక సైజు పెద్దది కొంటుంది, ఎలాగూ కుదించుకుపోతుంది కదా అని. బస్సులు నడిపి రిటైరైన భర్త వదులు చొక్కాల్లో ఈదుతూ ఉంటాడు. "దీన్ని మీ కొలిమిలో పెట్టి తీసుకురావే, అప్పుడు సరిపోతుంది" అంటాడు. ఆయన తుంటిలోనూ ఇలాంటి తెల్ల బంతే ఉంది. "నీ చేతిలోంచి వచ్చిందే అయ్యుంటుంది. అందుకే నువ్వు ఎటు తిప్పితే అటు తిరుగుతున్నా" అని నవ్విస్తాడు.

కొన్ని నెలలుగా ఆమె కుడిచెయ్యి మాట వినడం లేదు. ముందు బొటనవేలు, తరువాత మణికట్టు, సన్నగా వణుకుతున్నాయి. మణికట్టును బల్లకు ఆనించి పని చేయడం అలవాటు చేసుకుంది. టీ ఎడమచేత్తో తాగుతోంది. భర్తకు చెప్పలేదు. చెబితే మానెయ్యమంటాడు. మానేస్తే తానేమిటో ఆమెకే తెలియదు. ఇంట్లో ఆ చేతులకు దూది అన్న పేరేమీ లేదు, గిన్నెలు దబదబా పడేస్తుందన్న పేరుంది.

ట్రేలో ఆఖరి బంతి దగ్గర వేలు జారింది. గుంట అంచున వెంట్రుకంత నెర్ర పడింది. దూదక్క తలెత్తి చూసింది. ఎవరి పనిలో వాళ్ళున్నారు. ఆమె కుడిచేతి తొడుగు లాగేసి, బల్ల మీద రాలిన పొడిని వేలికద్దుకుని నెర్ర మీద రుద్దింది. నెర్ర మాయమైంది. అదే పొడి, అదే తెలుపు, ఇక కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. కొలిమిలో పడితే మాత్రం అది లోపల్లోపలే నోరు తెరుస్తుంది. పూడ్చొద్దు, పారెయ్యండి అని కొత్తవాళ్ళకు మొదటిరోజే చెప్పేది ఆమే.

బంతిని ట్రేలో పెట్టేసింది. తరువాత పరీక్ష యంత్రం ఉందిగా, ప్రతి బంతినీ నొక్కి చూస్తుంది, పట్టేస్తుందిలే అనుకుంది. పట్టకపోతే? పొద్దున భర్త కమ్మీ పట్టుకోకుండా, ఈల వేస్తూ మెట్లు దిగడం గుర్తొచ్చింది. ఛీ, ఎంత పని చేశాను అనుకుంది. బంతిని మళ్ళీ చేతిలోకి తీసుకుని, మూలనున్న సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి, అతని ఎదుటే రెండుగా విరిచింది.

ఆమె దగ్గరే పని నేర్చుకున్న మనిషి అతను. కంగారుగా లేచాడు.

"ఏంటక్కా, ఏమైంది?"

"నెర్ర పడింది. పూడ్చాను."

"నువ్వా?"

"నేనే."

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పోనీలే, ఒక్కటే కదా. మళ్ళీ పొడి కొట్టేద్దాం. దీనికింత రాద్ధాంతం ఎందుకు?"

దూదక్క కుడిచెయ్యి చాచి, దేనికీ ఆనించకుండా గాలిలో నిలిపింది. ఇద్దరూ దాన్నే చూశారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చాలా రోజులైంది. చెప్పలేకపోయాను."

"ఇంతకుముందెప్పుడైనా పూడ్చావా?"

"లేదు. ఇదే మొదలు. ఇవాళ మానకపోతే ఇదే ఆఖరు కాదు."

"ప్యాకింగులోకి మార్పిస్తా అక్కా. అక్కడైతే..."

"వద్దులే నాయనా. ఇంటికి పోతా."

భర్త తలుపు తీసి, "ఇంత తొందరగా వచ్చేశావేం?" అన్నాడు. ఆమె గుమ్మంలోనే అంతా చెప్పేసింది. చెబుతూ ఏడ్చింది, గట్టిగానే. ఆయన వణుకుతున్న చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. కాసేపటికి, "సరే గానీ, ఆ రెండో చేతికి అదేంటే?" అన్నాడు.

ఆమె చూసుకుంది. ఎడమచేతి తొడుగు ఇంకా వేసుకునే ఉంది.

"దారంతా ఇలాగే వచ్చానా? బస్సులో అందరూ నన్నే చూస్తుంటే ఎందుకా అనుకున్నా."

ఏడుపు ఆగకుండానే నవ్వొచ్చింది. ఆయన తొడుగును ఒక్కో వేలూ లాగి విప్పాడు. రేపటి నుంచి గిన్నెలు తాను కడుగుతానన్నాడు. మిగిలిన ఆ నాలుగు గిన్నెలైనా సొట్టలు పడకుండా ఉంటాయన్నాడు.

ఫ్యాక్టరీలో ట్రేలు కొలిమికి వెళ్ళిపోయాయి. దీపాలు ఆర్పే ముందు సూపర్‌వైజరు ఆమె బల్ల తుడవబోయి, గుడ్డ చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు. బల్ల అంచున కుడిచేతి తొడుగు ఒక్కటే పడి ఉంది, బొటనవేలు లోపలికి తిరిగిపోయి, మిగతా నాలుగు వేళ్ళూ ఇంకా ఉబ్బెత్తుగా.