ఆడవాళ్ళ జెండా

న్యూజెర్సీ తీరానికి ఇంకా రైలు రాని రోజులు. సెప్టెంబరులో హోటల్ ఖాళీ అయ్యేసరికి ఆ ఇసుక దీవి మీద మిగిలింది కెజియా ఇన్మన్, వరండా నిండా కుర్చీలు, బోలెడంత గాలి.

ఆ హోటల్ మొదట్లో బాతుల వేటగాళ్ళ కోసం ఆమె మొగుడు కట్టిన కొట్టం. బద్దలై ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల చెక్కతో గది పక్కన గది వేసుకుంటూ పోయాడు. ఫిలడెల్ఫియా డాక్టర్లు నరాల జబ్బులకు సముద్రస్నానం రాసిచ్చాక దానికి హోటలనే హోదా వచ్చింది. ఆయన పోయాక ఆమె ఒక్కతే నడిపింది. వేసవంతా డెబ్భైమందికి వండించడం, చలికాలం ఒక్క మనిషికి ఉప్పెంత వెయ్యాలో తెలియక తికమకపడటం.

చివరి అతిథుల్ని అవతలి ఒడ్డున దింపొచ్చిన పడవ కెప్టెన్ జోబ్ క్రాన్మర్, రేవులో టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. అతనూ భార్య పోయినవాడే. అవతలి ఊళ్ళో తన ఇంటి పొయ్యి భేషుగ్గా మండుతుందనీ, ఒక్కడికి ఆ వేడి మరీ ఎక్కువనీ చెప్పుకొచ్చాడు.

"పొయ్యి గురించేనా ఇదంతా, కెప్టెన్ గారూ?" అందామె.

"మీకు తెలియదా, కెజియా గారూ. శనివారం వస్తాను. ఔనంటే మీ పెట్టె పడవలో పెడదాం. కాదంటే ఆల్చిప్పలు పట్టే పడవల మీద దక్షిణాదికి పోతాను. ఆ ఇంట్లో ఇంక ఒక్కణ్ణే ఉండలేను."

"ఆల్చిప్పలే నయమేమో. ఎదురు చెప్పవు."

అతను నవ్వలేదు. ఆ రాత్రే ఆమె పెట్టె సర్దేసింది.

శనివారం పొద్దున్న, సాయంత్రపు పోటుకు అతనొచ్చేదాకా చెయ్యడానికి పనేమీ లేకపోయింది. ఇన్నేళ్ళలో తను ఒక్కసారీ సముద్రంలో దిగలేదని అప్పుడు తోచింది. ఆడవాళ్ళ స్నానాల వేళకు హోటల్ కప్పు మీద తెల్లజెండా ఎగరేసేది తనే. అది చూసి మగాళ్ళంతా దీవికి వెనక వైపు తప్పుకునేవాళ్ళు. ఆ వేళకు తనెప్పుడూ వంటింట్లో. ఎవరో మర్చిపోయిన ఉన్ని స్నానపు గౌను తొడుక్కుంది. దీవిలో నరపురుగు కూడా లేదు. అయినా పద్ధతి పద్ధతేనని తెల్లజెండా ఎగరేసి మరీ వెళ్ళింది.

మొదటి అల కూలదోసింది. రెండోదానికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆమెకే కొత్తగా, కాస్త తుప్పు పట్టినట్టు వినిపించింది.

నీళ్ళలోంచి వచ్చి ఇసుకదిబ్బ ఎక్కి చూస్తే, రేవు నుంచి పడవ కదిలిపోతోంది. జోబ్ ఆగలేక పొద్దుటి పోటుకే వచ్చేశాడు. ఆటు మొదలైంది, ఆలస్యమైతే పడవ బురదలో కూర్చుంటుంది. కెజియా జుట్టు విరబోసుకుని, గౌను కాళ్ళకు చుట్టుకుంటుంటే రేవుకు పరిగెత్తింది. "ఔను, జోబ్" అని గొంతు చించుకుని అరిచింది. గాలి అటునుంచి ఇటు వీస్తోంది. మాట వెనక్కే పోయింది.

అతను ఒక్కసారి తల తిప్పాడు. అతని కంటికి తడిగౌనులో ఎవరో ఆడమనిషి. చప్పున టోపీ కళ్ళ మీదికి లాక్కుని అటు తిరిగిపోయాడు. అతని మాట మాత్రం గాలి మీద స్పష్టంగా వచ్చింది.

"క్షమించండి, అమ్మగారూ, నేనేం చూడలేదు. జెండా చూసే వెనక్కి తిరిగాను. మళ్ళీ అతిథులొచ్చారని తెలియదు. హోటల్ మూయడం లేదంటే, నాకు జవాబు అందినట్టేనని కెజియా గారితో చెప్పండి."

చెబుతానన్నట్టు ఆమె తలూపింది. అతను మళ్ళీ వెనక్కి చూడలేదు. అంత మర్యాదస్తుడు.