ఉగ్గాని కాగితాలు

నాకు అక్షరాలు నేర్పింది బడి. కథల పిచ్చి పట్టించింది మాత్రం ప్రకాశం హోటల్లోని చెత్తబుట్ట. ఆ ప్రకాశమే నోటి దగ్గరి కూడు లాగేశాడు కాబట్టి పాతికేళ్లయినా వాడి మీద నా కోపం చల్లారలేదు. నేను చల్లారనివ్వలేదు కూడా.

కోసిగి పక్కన మా పల్లె. బస్సులు ఆగేచోట ప్రకాశం హోటలు, పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, బజ్జీ. ప్లేట్లు కడగడానికి నీళ్లెక్కడివి? ఆదోనిలో పాత పుస్తకాలు తూకానికి తెచ్చి, ఒక్కో కాగితం చింపి, దాని మీద ఉగ్గాని పెట్టి ఇచ్చేవాడు. జనం తిని, దానికే చేయి తుడుచుకుని బుట్టలో పడేసేవాళ్లు. ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు బడికి పోతూ అందులోంచి ఒక కాగితం తీశాను. మిరపగింజలు అంటుకున్న ఆ కాగితం మీద ఒక ఓడ ఆకాశంలో పోతోంది. దాని కడుపులో ఒక చెరువు. ఓడ నడిపేది మేధ అనే పిల్ల. ఎండిపోయిన ఏదో గ్రహానికి ఆ చెరువును చేర్చాలి.

మా ఊళ్లో బిందెడు నీళ్లకు బోరింగు దగ్గర జుట్లు పట్టుకునేవాళ్లు. అట్లాంటిది చెరువునే ఎత్తుకుపోవచ్చని ఎవరో అనుకున్నారు, అనుకుని ఊరుకోకుండా రాశారు! ఆ రోజు అయ్యవారు బోర్డు మీద ఏం రాశారో నాకు తెలీదు. నేను ఆ ఓడలో ఉన్నాను.

అట్ట లేని ఆ పుస్తకాన్ని ప్రకాశం మొదటి పేజీ నుంచి వరసగా చింపేవాడు. రోజూ నేను బుట్ట పక్కనే కాపు. నూనెకు రెండు పక్కల అక్షరాలూ కలిసిపోతే కాగితాన్ని ఎండబెట్టి, కూడబలుక్కుని చదివేదాన్ని. మధ్యలో ఒకటి కుక్క ఎత్తుకుపోతే దాని వెంట కూడా పరిగెత్తాను.

ఇంతలో సుగ్గి వచ్చింది. వానల్లేని మా ఊళ్లు ప్రతి ఏడూ ఇళ్లకు తాళాలేసుకుని మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతాయి. పిల్లలూ వెంట పోవాల్సిందే. లారీ వచ్చిన పొద్దునే మేధ ఓడ ఆ గ్రహానికి చేరింది. ఓడ తలుపు మీద మేధ చేయి పెట్టింది. అక్కడ కాగితం అయిపోయింది. ప్రకాశం ముందు బల్ల మీద ఇంకా పదకొండు మిగిలున్నాయి.

"ప్రకాశప్పా, మేము సుగ్గికి పోతాండాము. మూడు నెల్లు రాము. అవి నాకియ్యప్పా" అని అడిగాను.

"నీకిచ్చి, ఉగ్గాని నీ నెత్తిన పెట్టియ్యల్లా ఏమ్మే?" అన్నాడు. తినేవాళ్లంతా నవ్వారు.

"నీకు సదువే రాదు గదా, నీకెందుకవి?" అనేశాను.

అబద్ధమేం కాదు. కానీ పది మందిలో అన్నాను. ప్రకాశం నవ్వు ఆగిపోయింది. ఆ కాగితాలు తీసి, నా మొహం ముందు ఊపి, బజ్జీల పొయ్యిలోకి తోశాడు.

"ఇప్పుడు సదువుకో పో."

మా నాయన నరసన్న నన్ను రెక్క పట్టుకుని లారీ ఎక్కించాడు. దారి పొడుగునా ఏడ్చాను. మిరప చేలోకి దిగాక ఏడుపు మానేసి ఆఖరు నేనే కల్పించుకున్నాను. అందులో ఎండిన గ్రహం మీద ప్రకాశం అనే రాక్షసుడు ఉంటాడు. మేధ వాడిని ఆ చెరువులోనే ముంచి చంపుతుంది. కోసిన ప్రతి మిరపకాయకూ వాడిని ఒకసారి చంపాను.

ఇప్పుడు నేను కమలాపురంలో టీచరును. ఆ ఓడ కథను మొదటి నుంచి నా మాటల్లో ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. అచ్చుకు ఇవ్వలేదు, రెండో కాపీ లేదు. రాక్షసుడు చచ్చే ఆఖరును మాత్రం ఎన్నిసార్లు దిద్దానో నాకే తెలీదు. ఆరో తరగతి పిల్లలకు వారానికో భాగం చదవడానికి ఇచ్చేదాన్ని. అందరికంటే పిచ్చి శివాని అనే పిల్లకు. సోమవారం వస్తే నా కుర్చీ పక్కనే కాపు.

మొన్న దాని మార్కుల కార్డు మీద సంతకానికి వాళ్ల తాత వచ్చాడు. వేలిముద్ర వేశాడు.

"కోసిగి ప్రకాశం అంటారు మేడం. మా కొడుకు ఈడ హోటలు పెట్టినాడు" అన్నాడు.

నాకు పట్టరాని సంతోషం. నన్ను గుర్తుపట్టలేదు. ఫరవాలేదు, గుర్తు చేయడానికి నేనున్నాను కదా అనుకున్నాను.

మర్నాడు పొద్దున బడికి ముందే ఆఖరి భాగాన్ని నోటుబుక్కులోంచి చింపి తీసుకుని ఆ హోటలుకు పోయాను. బజ్జీల పొయ్యి ముందు ప్రకాశం. పక్కనే యూనిఫాంలో శివాని. కాగితాలు చూడగానే "ఆఖరుదా మేడం?" అని చేయి చాచింది.

"ఇస్తాను. ముందు మీ తాత ఒక మాట చెప్పాలి" అని ప్రకాశం వైపు తిరిగాను. "కోసిగి దగ్గర మీ హోటల్లో ఒక పిల్ల పుస్తకం అడిగింది. ఏం చేశావో అందరికీ వినబడేటట్టు చెప్పు."

"ఏం పుస్తకమమ్మా? అట్లాటివి శానా సించింటా."

"సుగ్గి లారీ వచ్చిన దినము. పదకొండు కాగితాలు. పొయ్యిలో తోసినావు. సదువుకో పో అన్నావు." నా నోట్లో మా ఊరి మాట దానంతటదే వచ్చేసింది.

గరిటె పట్టుకుని కాసేపు ఆలోచించాడు. నటన కాదు, నిజంగానే ఆలోచించాడు.

"ఏసింటే ఏసింటా లేమ్మా. నాకు గ్యాపకం లేదు. నిలబడినావేంది, కూచో, ఉగ్గాని తిను."

కాదని బుకాయించినా తట్టుకునేదాన్ని. తిట్టినా సంతోషించేదాన్ని. పాతికేళ్లుగా నేను వాడిని చంపుతుంటే వాడు హాయిగా బజ్జీలు వేసుకుంటూ ఉన్నాడు. వాడి మొహంలోకి చూస్తూ నా చేతిలోని కాగితాలను పొయ్యిలోకి తోశాను.

వాడికి ఏమీ కాలేదు. "అయ్యో, ఏం పని మేడం ఇది" అన్నాడు, అంతే.

కేక వేసింది శివాని. పొయ్యిలో చెయ్యి పెట్టబోతే ప్రకాశం దాన్ని రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. కాగితాలు అప్పటికే నల్లబడిపోయాయి. రాక్షసుడు పోయాడు, మేధ పోయింది, చెరువూ పోయింది. నా పగ అంతా రెండు బజ్జీలు వేగేలోపు అయిపోయింది.

"మళ్లీ రాసిస్తాలే శివానీ" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినబడింది.

శివాని ఏడుపు ఆపేసి, చేత్తో ముక్కు తుడుచుకుంది. వాళ్ల తాత వైపు చూడనే లేదు. నన్నే చూసింది, రెప్ప వేయకుండా. ఆ చూపు వెనక ఏముంటుందో నాకు బాగా తెలుసు.

"వద్దు మేడం. ఆఖరు నేనే రాస్తా" అంది. "దాంట్లో మీరు చస్తారు."