నొప్పి మొదలైన వేళ

స్కాన్ తెరమీద మా ఆయన గుండె కొట్టుకుంటోంది. దాని ఒక పక్క గోడ మాత్రం కదలడం లేదు. అనంతపురం డాక్టరు వేలుపెట్టి చూపించక ముందే, చదువు రాని నాకే అది తెలిసిపోయింది.

"నొప్పి వచ్చిన గంటకే ఇంజెక్షన్ పడిందని రాసుంది. అలాగైతే ఇంత కండ చచ్చిపోకూడదే," అన్నాడు డాక్టరు పాత కాగితాలు తిరగేస్తూ. "మొదట చూసిన నర్సు గాని ఆలస్యం చేసి, గంటని రాసుకుందా?"

ఆ గంట నేను చెప్పిన అబద్ధం.

మాది కళ్యాణదుర్గం పక్క పల్లె. మూడు నెలల కిందట, జూలైలో ఒక్క వాన పడింది. మా ఎర్రనేలలో పదును రెండు రోజులు నిలిస్తే గొప్ప. ఆ తడి ఆరేలోపు వేరుశనగ విత్తనం పడకపోతే ఆ ఏటికి చేను బీడే. రెండో రోజు పొద్దున మా ఆయన సోమప్ప గొర్రు తోలుతుంటే, నేను వెనక నడుస్తూ విత్తనం వదులుతున్నాను. తొమ్మిదికి ఎద్దులను నిలిపి ఎద పట్టుకున్నాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది.

"గ్యాసు పట్టినాదిలే," అన్నాడు.

"సోడా తాగు. పదును పోతాంది, ఇంగ కొంచెమే కదా," అన్నాను. కొంచెం కాదు, మూడెకరాలుంది. అయినా ఆ మాట అన్నది నేనే.

ఒంటిగంటకు విత్తనం అయిపోయింది, మనిషి గట్టు మీద కూలబడ్డాడు. ఆటోలో కళ్యాణదుర్గం ప్రభుత్వాసుపత్రికి చేరేసరికి రెండు. అన్నం తింటున్న నర్సు గంగాదేవి చెయ్యి కడుక్కుని పరుగెత్తుకొచ్చింది. ఎదకు వైర్లు అంటించి, గీతలు పడిన కాగితాన్ని ఫోన్లో అనంతపురానికి పంపింది. గుండెపోటే, రక్తపు గడ్డను కరిగించే సూది వెంటనే వేయమని అట్నుంచి జవాబొచ్చింది.

"నొప్పి ఎప్పుడొచ్చింది పెద్దమ్మా?" అని అడిగింది.

"ఒక గంట అయింటాదమ్మా," అన్నాను. ఐదు గంటలని చెప్పడానికి సిగ్గేసింది.

పది నిమిషాల్లో సూది పడింది. తర్వాత అనంతపురంలో స్టెంటు వేశారు. మనిషి దక్కాడు. చేను దక్కలేదు, కాయ పట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది.

ఇప్పుడు డాక్టరు పెన్ను తీశాడు. గంగాదేవి మీద ఏం రాస్తాడో అని కాగితానికి చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆయమ్మ తప్పేం లేదు సార్. నొప్పి తొమ్మిదికే వచ్చింది. ఇత్తనం అయిపోనీ అని నేనే ఆపినా. గంటని అబద్ధం చెప్పినా."

మా ఆయన ముఖం చూడలేకపోయాను. ఆయన మంచం మీద లేచి కూర్చుని, చొక్కా గుండీలు పెట్టుకుంటూ నెమ్మదిగా అన్నాడు.

"దానికి తెల్దు సార్. తొమ్మిదికి కాదు, ఏడుకే, ఎద్దులు కట్టేటప్పుడే వచ్చింది. చెప్తే చేనికి పోనీదని గమ్మునుండినా."

మూడు నెలలుగా నన్ను నేను తిట్టుకుంటున్నాను. పక్కనే పడుకునే మనిషి ఈ ఒక్క మాట చెప్పలేదు. ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది.

డాక్టరు 'ఒక గంట' కొట్టేసి 'ఏడు గంటలు' అని రాశాడు. "చచ్చిన కండ తిరిగి రాదు. మాత్రలు మానొద్దు, గొర్రు పట్టొద్దు. మళ్లీ నొప్పొస్తే నిమిషం కూడా ఆగొద్దు," అన్నాడు.

బస్టాండులో ఆయన్ని నిలబెట్టి అడిగేశాను. "మళ్లా పదునొస్తే చేను బీడు పడినా పడనీ. నొప్పంటే నొప్పని చెప్తావా, లేదా?"

తలూపాడు. నేను నమ్మలేదు. పడమర మబ్బు పడుతోంది, ఆయన కళ్లు అటే ఉన్నాయి.