కచ్చా కుట్టు

అక్క సంచిలో రెండు జతల బట్టలు, తువ్వాలు, కళ్ళద్దాలు పెట్టాను. మూత వదులుగా ఉన్న నీళ్ళ సీసా తీసేసి గట్టిదాన్ని పెట్టాను. అన్నీ బయటికి తీసి మళ్ళీ సర్దాను. ఎవరి సంచి సర్దినా నాది ఇదే వరస.

అక్క కుట్టుమిషను సొరుగులోంచి సూదీ దారమూ తెచ్చి బట్టలమీద పడేసింది.

"ఆసుపత్రికి సూది ఎందుకక్కా? వాళ్ళ దగ్గరుండవా?"

"వాళ్ళ కుట్టు నాకు నచ్చకపోతేనో?"

అక్క గుండెకు ఆపరేషను. పెద్ద ఊరికి పోవాలి.

నేను ఎన్నడూ బడికి పోలేదు. అక్క బట్టలు కుట్టేది. గుండీలూ హుక్కులూ కొట్టువాడు పాత పత్రికల కాగితాల్లో పొట్లం కట్టి ఇచ్చేవాడు. ఆ కాగితాలు కూడబలుక్కునే చదువు నేర్చుకున్నాను. ఏ కాగితంలోనూ కథ చివరిదాకా ఉండేది కాదు. మిగతాది అల్లి, మిషను పక్కన కూర్చుని అక్కకు చెప్పేదాన్ని. తర్వాత్తర్వాత రాయడమూ అలాగే అలవాటైంది.

ఆ పొద్దుటి పొట్లం కాగితంలోని కథలో, గడియారాలు బాగుచేసే ఒకావిడ ఇంటికి తాళం వేసి, తాళంచెవి పొరుగింట్లో ఇచ్చి, ఎక్కడో ఆగిపోయిన గడియారం కోసం బయలుదేరింది. అక్కడితో కాగితం చిరిగిపోయింది.

"ఏమైందే ఆవిడకి?" అంది అక్క.

"బాగుచేసి వచ్చేసింది."

"మళ్ళీ ఇదేనా! నీ కథల్లో బండెక్కినవాళ్ళంతా తిరిగొచ్చి తీరాల్సిందేనా? ఒక్కదాన్నైనా పోనివ్వవే."

"ఇవాళ వద్దక్కా."

"ఇవాళే కావాలి. డాక్టరూ నవ్వుతాడు, మీ బావా నవ్వుతాడు. ఏం కాదు, ఏం కాదు అంటారు. నువ్వైనా నాకో నిజం చెప్పు. ఆవిడ రాకపోతే పొరుగింటావిడ ఆ తాళంచెవి ఏం చేసింది? అది విని పోతా."

మొదలుపెట్టాను. చీకటి పడిందన్నాను. పొరుగింటావిడ తలుపు వేసి, దీపం పెట్టుకుని కూర్చుందన్నాను. అక్క సంచి వైపు చూశాను.

"అప్పుడు తలుపు చప్పుడైంది," అన్నాను.

"వచ్చేసిందా?"

"వచ్చేసింది."

అక్క నా నెత్తిన చిన్నగా మొట్టింది. "కుట్టు బాగానే ఉంది, కొలతే తప్పింది. సరే, ఇది కచ్చా కుట్టనుకో. నేనొచ్చాక విప్పి అసలుది వేద్దువుగాని."

కచ్చా కుట్టంటే కొలత చూసుకోవడానికి ముందుగా దూరం దూరంగా వేసేది. దారం లాగితే ఊడి వచ్చేస్తుంది.

మెట్ల కిందనుంచి బావ అరిచాడు. "అక్కాచెల్లెళ్ళ పురాణం అయ్యిందా? బస్సు మీకోసం కాచుక్కూర్చుంటుందా?"

అక్క ఆ చిరిగిన కాగితం నా చేతిలో పెట్టి సంచి అందుకుంది.

ఆ కథను ఇన్నేళ్ళూ ఏ పత్రికకూ ఇవ్వలేదు. రాయబోయినప్పుడల్లా చివర్లో తలుపు చప్పుడయ్యేది. పోయినవాళ్ళందర్నీ ఇళ్ళకు చేర్చీ చేర్చీ చెయ్యి అరిగిపోయింది. ఇక ఓపిక లేదు. ఇవాళ ఆ కుట్టు విప్పాను.

పొరుగింటావిడ తాళంచెవిని గోడమేకుకు తగిలించింది. దుమ్ము దులిపినప్పుడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ అక్కడే తగిలిస్తుంది. గడియారాల ఆవిడ రాలేదు.

మా అక్క రాలేదు. ఆపరేషనైన మూడోనాడు, బుధవారం మధ్యాహ్నం, ఆ ఆసుపత్రిలోనే పోయింది.