నీలవ్వ తిన్న దోసె

నీలవ్వ పెనం మీద నీళ్లు చిలకరించింది. చుయ్యిమన్న చప్పుడు విని, మంట ఎక్కువైందని ఒక కట్టెను వెనక్కి లాగింది. దావణగెరెలో షణ్ముఖప్పగారి వెన్నదోసెల అంగట్లో పంతొమ్మిదేళ్లుగా ఆ పొయ్యి ముందు కూర్చునేది ఆవిడే. కనుబొమలు ఏనాడో కమిలిపోయాయి. కుడిచేతి నిండా వెన్న చిట్లిన మచ్చలు.

ఆ పొయ్యితో ఈరోజే ఆఖరు. బెంగళూరులో గిరీశ అనే ఆయన పెద్ద హోటలు పెడుతూ దోసెల పని ఆమెకు ఇస్తానన్నాడు. తండ్రిని వెంటబెట్టుకొచ్చి ఆకూ వక్కా చేతిలో పెట్టించాడు. ఈ ఊళ్లో తాంబూలం పుచ్చుకుంటే మాట అయిపోయినట్లే. ఆపైన కాగితం అడిగితే ఎదుటివాణ్ణి దొంగన్నట్లు. అందుకే నీలవ్వ అడగలేదు. అద్దెగది ఖాళీ చేసి, ట్రంకుపెట్టె తెచ్చి అంగడి అరుగు మీద పెట్టుకుంది.

పెనం అదునుకు వచ్చాక లేచి, సావుకారు షణ్ముఖప్ప తెచ్చిన తాంబూలాన్నీ, గరిటెనూ తన చేతులతోనే కొట్రమ్మకు అందించింది. కొట్రమ్మ పన్నెండేళ్లుగా అక్కడే గిన్నెలు తోముతూ ఆ పొయ్యివంక చూస్తున్న మనిషి. ముగ్గురు పిల్లలు, మొగుడు లేడు. గరిటెను కళ్లకద్దుకుని కూర్చుంది.

పది గంటలకు గిరీశ ఫోను చేశాడు.

"ఏమీ అనుకోకవ్వా. ఆ భవనంలో కట్టెల పొయ్యి పెట్టనివ్వరట. గ్యాసు మీద చేసేవాళ్లను మాట్లాడుకున్నాం. నువ్వు రావద్దులే."

"తాంబూలం ఇచ్చారు కదయ్యా?"

"అది మా నాన్న కాలం పద్ధతి. ఇప్పుడవన్నీ ఎక్కడ నడుస్తాయి?"

"అయితే మీ నాన్నకే ఇవ్వు ఫోను."

అతను పెట్టేశాడు. మళ్లీ రెండుసార్లు చేసింది, ఎత్తలేదు. నీలవ్వకు భయం వేసింది. యాభై నాలుగేళ్లు మీదపడ్డాయి. గది లేదు, పని లేదు. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది.

షణ్ముఖప్ప అంతా విన్నాడు. మనిషి మంచివాడే గాని తొందర జాస్తి.

"దానికేముంది, నీ చోట్లో నువ్వు కూర్చో నీలవ్వా. కొట్రి గిన్నెల దగ్గరికి పోతుంది. ఏమే?"

"అక్క పొయ్యే కదా సావుకారూ," అన్నది కొట్రమ్మ తల ఎత్తకుండా. గరిటె మాత్రం వదల్లేదు.

"ఆమెకు తాంబూలం ఇచ్చాం కదా," అన్నది నీలవ్వ.

"ఇస్తే? దోసె సరిగ్గా రాకపోతే జనం ఊరుకుంటారా? ఇదుగో, దాని మొదటి దోసె. తిని చెప్పు. బాగాలేదన్నావా, ఇప్పుడే లేపేస్తా."

అన్నేళ్లలో మొదటిసారి నీలవ్వ గిరాకీలు కూర్చునే బల్ల మీద కూర్చుంది. కొట్రమ్మ ఆకు వేసిన పళ్లెంలో దోసె తెచ్చిపెట్టింది. అంచులు ఎర్రగా కాలాయి, పైన వెన్న కరుగుతోంది. నీలవ్వ నిదానంగా తిన్నది. షణ్ముఖప్ప ఆమె నోటివంకే చూస్తున్నాడు.

"ఎట్లుంది?"

"నా చేతి దోసే. కళ్లు మూసుకుంటే నాకే తేడా తెలీలేదు."

"మరి నీ సంగతి?"

"హరిహరలో చెల్లెలుంది. అక్కడోళ్లకు మాత్రం నోళ్లు లేవా, దోసెలు తినరా? అంగడంగడికీ పోయి అడుగుతా. ఈసారి ఆకూ వక్కా వద్దు, కాగితమే రాసిమ్మంటా."

సావుకారు నవ్వాడు. ఆవిడా నవ్వింది. ఆకు మడిచి, చేయి కడుక్కుని, ట్రంకుపెట్టె చంకకెత్తుకుని బస్సు వేళకు వెళ్లిపోయింది.

గిరాకీ కాస్త సన్నగిల్లాక కొట్రమ్మ నీలవ్వ తిన్న పళ్లెం తీయబోయి, ఎందుకో ఆకు విప్పి చూసింది. మడతలో దోసె నడిమి ముక్క, రూపాయి బిళ్లంత, కాలని పచ్చిపిండిగానే ఉంది.