ఎదురు వచ్చే మనిషి

శనివారం ఉదయం నుంచి గౌరీశంకర్‌కు కాలు ఒకచోట నిలవడం లేదు. మైదానం అంచు గీత వెంట అటు నడిచాడు, ఇటు నడిచాడు. కాఫీ కప్పు ఎక్కడ పెట్టాడో మరిచిపోయి మరొకటి పోసుకున్నాడు. ఆర్కన్సా కొండల్లోని ఆ చిన్న కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు అతను కోచ్‌లలో ఒకడు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ డాక్టరుగా స్థిరపడిన తండ్రికి, కొడుకు చేసే ఈ ఉద్యోగం ఏమిటో చివరిదాకా అర్థం కాలేదు. ఈ ఆటలో బంతి ఎక్కువగా చేతుల్లోనే ఉంటుంది. దాన్ని గోల్‌పోస్టుల మధ్యగా తన్నడానికి కికర్ అని ఒకడుంటాడు. వాడికి తన్నడం నేర్పడమే గౌరీశంకర్ పని.

ఈరోజు అవతలి జట్టు కికర్ అతని కొడుకు అద్వైత్.

కొడుకు మీద పోటీకి దిగాల్సి వచ్చినందుకు కాదు అతని అలజడి. వాడు చెప్పిన ఒక మాట లోపల తిరుగుతోంది.

మార్చిలో అతని భార్య వసుమతి పోయింది. పెద్దకర్మ అయిన మర్నాడు బెంటన్‌విల్ ఇంటి గరాజ్‌లో అద్వైత్ అన్నాడు: "నాన్నా, కిక్ చేయడం ఓకే. వెయిట్ చేయడమే కష్టం. ఊరికే నిలబడితే నాకు హాస్పిటల్ హాల్‌వే కళ్లముందుకు వచ్చేస్తుంది. అప్పుడు కాళ్లు నావి కావు."

తల్లి పోయాక వాడు మనసు విప్పింది ఆ ఒక్కసారే. ఆ తరవాత ఫోన్‌లో ఇద్దరూ గాలి గురించి, గడ్డి గురించి, బూట్ల గురించి మాట్లాడుకున్నారు.

తన్నబోయే కికర్‌ను నిలబెట్టేయడం ఈ ఆటలో పాత ఎత్తు. సరిగ్గా ఆ క్షణాన ఎదుటి కోచ్ టైమ్‌అవుట్ అడిగి ఆట ఆపిస్తాడు. కొందరు కుర్రాళ్లు చెదిరిపోతారు, కొందరికి చీమ కుట్టినట్టైనా ఉండదు. ఎవరు ఎలాంటివాడో హెడ్ కోచ్ మెర్కిల్ గౌరీశంకర్‌నే అడుగుతాడు.

అందుకే సోమవారమే చెప్పేశాడు. "నా కొడుకు సంగతి నన్నడగొద్దు, కోచ్."

"ఫెయిర్ ఇనఫ్, గ్యారీ." ఇన్నేళ్లయినా మెర్కిల్ నోట అతను గ్యారీయే.

వార్మప్‌లో అద్వైత్ దూరం నుంచి తలూపాడు, అంతే. వాడు ఇంట్లో ఉన్నన్నాళ్లూ, మ్యాచ్‌కు బయల్దేరితే వసుమతి ముందుగా మెయిల్‌బాక్స్ దాకా వెళ్లేది. కారు గరాజ్‌లోంచి కదలగానే చకచకా ఎదురు వచ్చేది. రెండు చేతులూ చాచి చూపించి, "ఉత్తరాలేం లేవు, పోండి పోండి" అని నవ్వేది. ఇంకా శకునాలేమిటని అతను వెక్కిరిస్తే, "నమ్మకపోతే మానండి, నడక మంచిదేగా" అనేది.

ఈరోజు వాడు జట్టు బస్సులో వచ్చాడు. ఎవరూ ఎదురు రాలేదు.

ఆట చివరి క్షణాలకొచ్చింది. గౌరీశంకర్ జట్టు రెండు పాయింట్ల ముందుంది. అద్వైత్ బంతి గోల్‌పోస్టుల మధ్య పడితే వాళ్లకు మూడు వస్తాయి. ఆపైన ఆట లేదు.

"గ్యారీ! ఆపితే బెదురుతాడా?" మెర్కిల్ సోమవారం మాట మరిచిపోయాడు.

గౌరీశంకర్ అవుననలేదు, కాదనలేదు. మొహం మాత్రం పక్కకు తిప్పుకున్నాడు. జీవితమంతా కుర్రాళ్ల మొహాలు చదివిన మెర్కిల్‌కు అది చాలు.

"టైమ్‌అవుట్!"

ఈల మోగింది. మైదానం మధ్య అద్వైత్ ఒంటరిగా నిలబడిపోయాడు. వేళ్లు ముడుస్తున్నాడు, విప్పుతున్నాడు, బూట్ల వంక చూస్తున్నాడు. వాడిప్పుడు ఎక్కడున్నాడో తండ్రికి తెలుసు. ఆ హాల్‌వేలో పక్కన కూర్చున్నవాడు తనే.

కోచ్‌లు గీత దాటకూడదు. గౌరీశంకర్ గీత వెంటే గోల్‌పోస్టుల వైపు కోచ్‌ల హద్దు దాకా వెళ్లాడు. భర్త పోయిన ఆడది ఎదురు రాకూడదని ఎవరెవరో అంటారు. భార్య పోయిన మగవాడి సంగతి ఎవరూ చెప్పలేదు. అతను వెనక్కి తిరిగి, కొడుకుకు ఎదురుగా నడవడం మొదలుపెట్టాడు.

అద్వైత్ తలెత్తాడు.

గౌరీశంకర్ రెండు చేతులూ చాచి, ఖాళీగా ఉన్నాయని చూపించాడు.

వాడి భుజాలు ఒక్కసారి కదిలాయి. నవ్వో, మరొకటో.

బంతి కుడి స్తంభాన్ని రాసుకుంటూ లోపలికే వెళ్లింది.

మెర్కిల్ టోపీ నేలకేసి కొట్టాడు. "ఏం చేశావు గ్యారీ నువ్వు?"

"నడిచాను, కోచ్. దాని సంగతి సోమవారం మాట్లాడదాం. ఏమన్నా పడతాను."

బస్సు దగ్గర అద్వైత్ సూటిగా అడిగాడు. "టైమ్‌అవుట్ నువ్వే చెప్పావా, నాన్నా?"

"నోటితో చెప్పలేదు. ఆయన అడిగితే మొహం తిప్పుకున్నాను."

"సేమ్ థింగ్ కదా."

"అదే."

అద్వైత్ హెల్మెట్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "నాకు కోపం వచ్చింది. కొన్ని రోజులు ఉంటుంది."

"ఉండనీ. ఫోన్ చేసి తిట్టు."

"చేస్తా." బస్సు మెట్టెక్కి వెనక్కి తిరిగాడు. "అమ్మ స్పీడ్‌గా నడిచేది. నువ్వు మరీ స్లో."

తలుపు మూసుకుంది. గౌరీశంకర్ పార్కింగ్ చివరిదాకా దాదాపు పరిగెత్తాడు. బస్సు కదిలేసరికి అటు తిరిగి, చకచకా ఎదురు వచ్చాడు.