కింది గుండం

పద్దెనిమిది నవంబరు తొంభై మూడు, గురువారం, నాగుల చవితి వెళ్లిన మర్నాడు, పలాస బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో తలా మూడు పూరీలు, బొంబాయి చట్నీ, నా భార్య కన్యాకుమారి రెండు తిని మూడోది నా పళ్లెంలోకి జరిపి మీరు తినండి, నాకు చాలు అంది, నేను తిన్నాను, ఆ పూరీ అంచు కరకరలాడటం కూడా నాలుక మీద ఉంది గానీ ఆ రోజు ఆమె కట్టుకున్న చీర రంగు ఎంత తవ్వినా రావటం లేదు, భార్య పోయి ఆరేళ్లైన మనిషికి పూరీ గుర్తుండి చీర గుర్తులేకపోవడం ఏమిటి, అన్నయ్యా ఎడమకా కుడికా అని వెనక సీట్లోంచి చెల్లెలు పద్మకుమారి అడుగుతోంది, ఎడమకే, ఆ జీడితోట దాటాక కొండవైపు, అప్పుడు ఇక్కడ రోడ్డు లేదు, బస్సు దిగి ఐదు మైళ్లు నడిచాం, ఇప్పుడు తారు రోడ్డు, చల్లటి కారు, మేనకోడలు యమునే నడుపుతోంది, ఇరవై అయిదేళ్ల పిల్ల, ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చదివింది, గేరు మార్చినప్పుడల్లా జుట్టు పక్కకు జరిగి చెవి వెనక, మెడ మీద, రూపాయి బిళ్లంత తెల్లమచ్చ కనబడుతోంది, మళ్లీ జుట్టు కప్పేస్తోంది, జుట్టు ఒత్తుగా ఉండటం ఎంత మేలు అనుకున్నాను, ఇది నా అలవాటు, ఎంత చెడులోనైనా ఓ చిన్న మేలు వెతికి పట్టుకుంటాను, ధర్మారావు మేష్టారి నోట అబద్ధం రాదు, గట్టి మాట రాదు అని కాలేజీలో నా గురించి అనేవారు, ఒక్క మాట అన్నయ్యా అని పద్మ మళ్లీ ముందుకు వంగింది, అక్కడ నిన్నే అడుగుతారు కదా పిల్లకి మచ్చలున్నాయా అని, లేవు అను, రెండక్షరాలు, నీ కాళ్లు పట్టుకుంటాను, విజయనగరం సంబంధం, బట్టల కొట్టువాళ్లు, కుర్రాడు వెంకటేష్ మచ్చ చూశాడు, నాకేం పట్టింపు లేదన్నాడు, యమునకీ అతనంటే ఇష్టమే, ఫోను మోగితే గది మార్చుకుని మాట్లాడేంత ఇష్టం, అతని తల్లి ఝాన్సీలక్ష్మి మాత్రం ఉడుకుగెడ్డ తీసుకెళ్లి పై గుండంలో మునకలు వేయించండి వదినగారూ, పై గుండంలో దిగనిచ్చిన పిల్ల అంటే మా చుట్టాలెవరూ నోరెత్తరు, ఓ ఫొటో పంపండి చాలు అంది, నేను శ్రీకాకుళంలో కారెక్కేముందే తీర్మానించుకున్నాను, లేవు అంటాను, ఈసారి అంటాను, కానీ పద్మతో ఏమన్నాను, చూద్దాంలే అన్నాను, నా నోటికి చూద్దాంలే తప్ప ఇంకో మాట ముందు రాదు, యమున కంటి చివర నుంచి నన్నొకసారి చూసి చూపు రోడ్డు మీదికి తిప్పుకుంది.

ఉడుకుగెడ్డలో గుండాలు రెండు, కొండరాతి అడుగు నుంచి పొగలు కక్కుతూ నీళ్లు ఉబికేది పై గుండం, దానికి నల్లరాతి మెట్లు, ఏ రాజు కట్టించాడో చెప్పగలిగినవాళ్లు లేరు, అందులో మునిగితే మచ్చలు పోతాయంటారు, మచ్చలున్నవాళ్లు అందులో దిగకూడదంటారు, రెండూ ఒకే నోటితో అంటారు, మచ్చలవాళ్లకి కింది గుండం, పైన అందరూ మునిగిన నీళ్లు కాలవగా జారి అక్కడ చేరతాయి, మెట్ల దగ్గర కాపలా కూర్చునే మనిషి ఆడదాని మాట నమ్మదు, పెళ్లైనదానికి మొగుడు పూచీ, పెళ్లికానిదానికి మేనమామ పూచీ, అదీ అక్కడి ఆనవాయితీ, కన్యాకుమారికి మచ్చలు వీపు మీద, నడుం మీద, చీర కడితే ఎవరికీ కనబడవు, మా అమ్మకి మాత్రం కనబడ్డాయి, ఆ రోజు నుంచి ఆమెకి వేరే గ్లాసు, వేరే కంచం, నేను కాలేజీలో బోర్డు మీద చర్మం పొరలు గీసి మెలనిన్ పోవడం వల్ల వచ్చేదే బొల్లి, అంటుకునే జబ్బు కాదు, రాసుకోండి అనేవాణ్ని, పిల్లలు రాసుకునేవారు, ఇంటికొచ్చి వేరే గ్లాసుతో నీళ్లు తాగుతున్న భార్యని చూసి పోనీలే, స్టీలుదే కదా, ముంత కాదు కదా అనుకునేవాణ్ని, ఆ గురువారం మెట్ల దగ్గర దాలమ్మ, అప్పుడు ముప్ఫై ఏళ్లుంటాయి, చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది, ఏటమ్మా, ఒంటి మీద మచ్చలేటైనా ఉన్నాయేటి అంది, లేవు అంది కన్యాకుమారి, తలెత్తి, గట్టిగా, పెళ్లైన ఏడేళ్లలో ఆమె ఒక మాట అంత గట్టిగా అనడం నేను వినలేదు, గుండంలో ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు నీళ్లు చిమ్ముకుని నవ్వుతున్నారు, ఆమె కళ్లు అప్పుడే ఆ మెట్లు దిగిపోయాయి, ఆడదాని మాట నాకొద్దు, తెచ్చినోడివి నువ్వు సెప్పు బాబూ అంది దాలమ్మ, నేను గొంతు సవరించుకున్నాను, ఉన్నాయమ్మా, కొద్దిగానే, వీపు మీద అన్నాను, కొద్దిగానే అన్న మాట ఎంత మెత్తగా అన్నానో, అందులో ఎంత జాలి పెట్టానో, నవ్వు ఆగిపోయింది, ఒకావిడ పిల్లని చంకనేసుకుని గబగబా ఒడ్డెక్కేసింది, అబద్దమాడి దిగిపోదారనుకున్నాది, సూసినావేటి దీని తెగువ అంది ఇంకొకావిడ, మొగుడు మంచోడు గాబట్టి సరిపోయింది గానీ అంది మూడో ఆవిడ, మంచోడు అన్న మాట నా చెవిలో పడింది, పడినందుకు లోపల ఎక్కడో తియ్యగా కూడా అనిపించింది, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, కన్యాకుమారి నా వైపు చూడకుండా కిందికి నడిచింది, పదకొండుసార్లు మునిగింది, నేను ఒడ్డున రాయి మీద కూర్చుని ఈ నీళ్లు మరీ కాలవు చూడు, ఒంటికి హాయి అన్నాను, ఆమె మొహం మీద నీళ్లు తుడుచుకుని అవునండీ, హాయిగానే ఉన్నాయి అంది.

ఆ తర్వాత ఆమె ఒక్కసారి కూడా దెప్పలేదు, ఒక కొత్త అలవాటు మాత్రం వచ్చింది, ఎక్కడికెళ్లినా ముందే చెప్పేసేది, పెళ్లి భోజనాల దగ్గర పక్క ఆకు ముందు కూర్చునే మనిషితో నాకు మచ్చలున్నాయమ్మా, పట్టింపుంటే జరగండి అనేది, బస్సులో చంటిపిల్లని ఎత్తుకోమని ఇస్తే నాకు మచ్చలున్నాయమ్మా అని చేతులు వెనక్కి పెట్టుకునేది, ఆసుపత్రిలో చివరి వారం, నర్సు రక్తం తీయడానికి వచ్చినప్పుడు, మాట తడబడుతున్నా మచ్చలు అని ముందు అదే చెప్పింది, నేను దాన్ని ధైర్యం అనుకున్నాను, మా ఆవిడకి దాపరికం లేదు అని స్టాఫ్ రూములో చెప్పుకునేవాణ్ని, కారు ఆగింది, మావయ్యా దిగు అంటోంది యమున, గంధకం వాసన, అదే, కుళ్లిన గుడ్డు వాసన, మెట్లకి ఇప్పుడు ఇనప రెయిలింగులు, దాలమ్మ ప్లాస్టిక్ కుర్చీలో, జుట్టంతా నెరిసిపోయింది, నోట్లో చుట్ట లేదు, పళ్లూ లేవు, నన్ను గుర్తుపట్టలేదు, ఎలా పడుతుంది, ముప్ఫై రెండేళ్లలో నాలాంటి మంచోళ్లు ఎంతమంది వచ్చి ఉంటారు, బేగి రండమ్మా, ఎండెక్కితే నీళ్లు సలసల కాగిపోతాయి అంది, పై గుండంలో నలుగురైదుగురు ఆడవాళ్లు, ఒకావిడ కాళ్లు మాత్రం నీళ్లలో పెట్టి ఫోను చూసుకుంటోంది, యమున చున్నీ మెడ చుట్టూ తిప్పి కట్టుకుంది, పద్మ ఫొటో కోసం ఫోను తీసి పట్టుకుంది, మేనమావ నువ్వేనా బాబూ అంది దాలమ్మ, అవునమ్మా అన్నాను, పిల్లకి మచ్చలేటైనా ఉన్నాయా, సక్కగా సెప్పు, నీ మాటే మాట, నేను చెప్పాలి, రెండక్షరాలు, దారి పొడవునా నోట్లో నానబెట్టుకున్న రెండక్షరాలు, నోరంతా ఎండిపోయింది, గొంతు సవరించుకున్నాను, ఉన్నాయి అంది యమున, మెడ మీద, అని చున్నీ విప్పి జుట్టు పైకెత్తి దాలమ్మకి చూపించింది, గుండంలో ఫోను చూసుకుంటున్న ఆవిడ కాళ్లు పైకి తీసేసుకుంది, మరింకేటి, కిందికెల్లండి అంది దాలమ్మ, గొంతులో కోపం కూడా లేదు.

ఒసే, నీకేటొచ్చిందే, మావయ్యని కదా అడిగింది, నోరు మూసుకోలేకపోయావా, నీ బతుక్కి నువ్వే నిప్పెట్టుకున్నావు కదే, పద్మ తల కొట్టుకుంటోంది, కింది గుండం మెట్లు పాచిపట్టి జారుతున్నాయి, యమున చెప్పులు విడిచి ఒక వారగా పెట్టింది, మావయ్య గొంతు సవరించుకున్నాడమ్మా అంది, మామూలుగా, వాన వచ్చేలా ఉంది అన్నట్టు, అయితే, అయితే ఏటి అంది పద్మ, అత్తయ్య ఏనాడో చెప్పింది, మీ మావయ్య గొంతు సవరించుకున్నాడంటే నిజం వచ్చేస్తాదే, ఆయన మంచోడు, అబద్ధం ఆడలేడు, పాపం ఆయన వల్ల కాదు, ఆయన నోట్లోంచి వచ్చేలోగా మనమే అనేసుకోవాలి, అప్పుడు నొప్పి తక్కువుంటాది, అని, ఇంటర్‌లో నాకు మచ్చ వచ్చినప్పుడు చెప్పింది, అంటూ నీళ్లలోకి దిగింది, ఒకటి, రెండు, పద్మ ఏడుస్తూనే లెక్కపెడుతోంది, మునక తప్పితే ఫలం ఉండదని భయం, ఫలం ఎక్కడిదే పిచ్చిదానా, మూడు, నాలుగు, నేనెక్కడ నిలబడ్డానో నాకే తెలియటం లేదు, మంచోడు, ఆ మాట ఆమె నోట్లోంచి కూడా వచ్చిందన్నమాట, చిన్నపిల్లకి కరిచే కుక్క ఉన్న ఇల్లు చూపించినట్టు చూపించిందన్నమాట, ఏడు, ఎనిమిది, నీళ్ల మీద సబ్బునురగ తేలుతోంది, పైనెవరో రుద్దుకున్నది, యమున దాన్ని చేత్తో పక్కకి తోసి మళ్లీ మునిగింది, ఈ నీళ్లలో ఏదైనా ఒక మేలు కనబడుతుందేమోనని నా కళ్లు అప్పుడే వెతకడం మొదలుపెట్టాయి, కళ్లు మూసుకున్నాను.

మునిగినవాళ్లు ఆ రాత్రి ఊళ్లోనే పడుకోవాలి, సత్రంలో రెండు గదులిచ్చారు, పద్మ వరండాలో నిలబడి విజయనగరం ఫోను చేసింది, అవును వదినగారూ, లేదు వదినగారూ, కింది దాంట్లో, ఆపైన చాలాసేపు అవతలి మాట వింటున్నట్టు నిలబడింది గానీ ఫోను ఎప్పుడో ఆగిపోయింది, సరే అంది ఆవిడ, అంతే, ఇంకేటీ అనలేదు అని నాతో చెప్పి గదిలోకెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది, రాత్రి ఎనిమిది కూడా కాలేదు, ఆసుపత్రిలో ఆ చివరి వారంలో నర్సుతో ఆమె మచ్చలు అన్నప్పుడు నేను మంచం పక్కనే ఉన్నాను కదా, చెయ్యి పట్టుకుని కూర్చున్నాను కదా, ఆ చెయ్యి చల్లగా ఉంటే జ్వరం తగ్గింది, అదే మేలు అనుకున్నాను కదా, మాట తడబడుతూ నర్సుకేసి కాదు ఆమె చూసింది, నాకేసి, నా గొంతుకేసి, పెళ్లి భోజనాల్లో, బస్సులో, ప్రతిచోటా ముందు నాకేసి చూసి ఆ తర్వాతే చెప్పేది, ధైర్యం కాదది, భయం, మా అమ్మ గ్లాసు వేరు చేసినందుకు కాదు, గుండంలో ఆడవాళ్లు లేచిపోయినందుకు కాదు, నేనంటే, గట్టి మాట ఎరగని నేనంటే, ఆ గురువారం తర్వాత ఇరవై ఆరేళ్లు నా పక్కన పడుకున్న మనిషి నాకు భయపడుతూ పడుకుంది, మావయ్యా అని పిలిచింది యమున, తన గది గుమ్మంలో నిలబడి ఉంది, జుట్టు ఇంకా ఆరలేదు, మెడ మీద మచ్చ లైటు వెలుగులో బాగా కనబడుతోంది, కప్పుకోలేదు, ఒక్కటి అడగనా, పొద్దున్న నువ్వు ఏం చెప్దామనుకున్నావు, నిజంగా, లేవు అనే చెప్పబోయానే తల్లీ అని నోటి చివరిదాకా వచ్చింది, పొద్దున్నుంచి నా గుండెలో ఉన్నది అదే, అదే నిజం, ఆ నిజం చెబితే నా బరువు దిగుతుంది, తన బతుకుని తన చేత్తో తనే కాల్చుకున్నానని ఈ పిల్లకి తెలుస్తుంది, బతికినన్నాళ్లూ తెలుస్తూనే ఉంటుంది, నేను గొంతు సవరించుకోలేదు, ఉన్నాయనే చెప్పబోయానమ్మా అన్నాను, యమున తల ఊపింది, అనుకున్నాను మావయ్యా అంది, ఇంక పడుకో, మంచు పడతన్నాది అంది, తలుపు రెక్క కిర్రుమనకుండా కొంచెం పైకెత్తి పట్టుకుని, నెమ్మదిగా, చప్పుడు కాకుండా వేసుకుంది.